ఏలికవాని పొరపాటు అసత్యమగునా?



ఒక ఏలిక యుద్ధమునకు పూనుకొనును. అందులకు ఒక కారణమును లోకమునకు చెప్పును. వేలమంది చత్తురు, ఊళ్ళు చేతులు మారును. కొంతకాలమునకు ఆ చెప్పిన కారణము నిలువలేదని తేలును. అప్పుడు ఆ ఏలిక అసత్యమాడెననవలెనా, లేక పొరపడెనని ఊరకుండవలెనా? 2003లో ఇరాకు యుద్ధము జరిగిన పిమ్మట ఈ ప్రశ్న దేశదేశములందు వినబడినది; నేటికిని వాదము తీరలేదు. అయితే మన అనంతపురము మెట్టసీమవారికి ఇది పరదేశపు ముచ్చట మాత్రమే కాదు. గుత్తి సీమ రైతులు మైసూరు సుల్తాను చేతినుండి నైజాము చేతికి, నైజాము చేతినుండి కుంఫిణీ చేతికి రెండేండ్లలో మారినది ఇట్టి కారణమొకటి చెప్పి చేసిన యుద్ధము మూలముననే. ఆ కథను ఎదుట పెట్టుకొని ఈ పాఠమున విచారింతము.

మొదట 'అసత్యము' అను మాటను తేల్చుకొందము. బసవేశ్వరుడు దొంగతనముతోను, హత్యతోను కలిపి అసత్యమును నిషేధించెనని మన యిండ్లలో పిల్లలకు సైతము తెలియును. ఆ మూడింటిని ఒక వరుసన నిలుపుటలో అర్థము కలదని నాకు తోచుచున్నది. దొంగ పరుని సొమ్మును హరించును. హంతకుడు పరుని ప్రాణమును హరించును. అసత్యవాది హరించునది పరుని నమ్మకమును. కావున పలికిన మాట లోకములోని విషయముతో సరిపోయినదా అని మాత్రము చూచిన చాలదు. పలికినవాని మనస్సుతో సరిపోయినదా అని కూడ చూడవలయును. ఇది తూర్పు అని నమ్మి బాటసారికి పడమరను చూపినవాడు పొరపడినవాడే గాని అసత్యవాది కాడు. మోసగింపదలచి చూపిన దిక్కు దైవికముగా సరియైన దిక్కే అయినను, చూపినవాడు అసత్యవాదియే.

ఇంతవరకు సులభము. చిక్కు ఇక మీదనే కలదు. దానికి మన సీమలో అందరెరిగిన దృష్టాంతమునే చెప్పెదను.

ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వానతో బ్రదుకు నేల మనది. బోరు వేయింపదలచిన రైతు నీళ్ళు చూచువానిని పిలిపించును. అతడు అరచేత టెంకాయ నిలిపియో, వేపపుల్ల పట్టియో పొలమంతయు తిరిగి, ఒకచోట నిలిచి, ఇక్కడ జల కలదనును. రైతు అప్పు తెచ్చి బోరు బండిని రప్పించును. మూడువందల అడుగులు పోయినను దుమ్మే లేచును. నీళ్ళు చూచినవాడు అబద్ధికుడా? తన విద్యయందు అతనికి నిజముగా నమ్మకముండిన యెడల కాడు. కాని అతనికి లోలోపల 'ఉండవచ్చును, లేకపోవచ్చును' అని తోచి, రైతుతో మాత్రము 'రెండంగుళముల నీరు తప్పదు' అనెననుకొనుడు. నీరు కలదో లేదో అతనికి తెలియదు. కాని తనకు తెలియదను సంగతి తెలియును. ఆ సంగతిని దాచెను. అతడు నీటిని గురించి అబద్ధమాడలేదు, తన తెలివిని గురించి అబద్ధమాడెను.

మరియొక విధము కలదు. అతడు మొదట నిజముగనే నమ్మి చెప్పెను. బోరు బండి రాకమునుపే, ప్రక్క పొలమున అదే జలమీద వేసిన బోరు ఎండిపోయినదని అతనికి కబురు వచ్చెను. రైతుకు ఆ కబురు చెప్పక మిన్నకుండెను. పలికిన నాడు సత్యమైన మాట, ఆ కబురు అందిన గడియనుండి అసత్యమాయెను. మాట మారలేదు; దాని క్రింది ఆధారము జారిపోయెను.

ఉన్న నమ్మకమునకు మించి పలుకుట ఒకటి, ఆధారము జారిన పిదప గూడ పాతమాటనే నిలుపుట రెండవది. ఏలికల మాటలలో అసత్యము దాగియుండునది తరచుగా ఈ రెండు తావులనే. దానిని వెదకువారు మాత్రము 'ఆయన చెప్పినది నిజమైనదా, కాలేదా' అను ఒక్క తావుననే వెదకి, దొరకలేదని వెనుదిరుగుచుందురు. ఇంకొక పోలికయు ఇందు కలదు. నీళ్ళు చూచినవానికి కూలి ముందే ముట్టును. అప్పు తీర్చువాడు రైతు.

ఇక కథకు వత్తము. 1776లో హైదరాలీ మురారిరావు ఘోర్పడే చేతినుండి గుత్తి కోటను గైకొనినది మొదలు ఈ సీమ మైసూరు ఏలుబడిలోనికి పోయెను. 1792లో జరిగిన శ్రీరంగపట్టణపు సంధివలన హైదరు కుమారుడగు టిప్పు సుల్తాను తన రాజ్యమున ఇంచుమించు సగము కోల్పోయెను. గుత్తి మాత్రము ఆయన యొద్దనే మిగిలెను. పోయిన సగమును మరల పొందవలెనను కోరిక ఆయనకుండెననుటలో అనుమానము లేదు.

1798 మే నెలలో మార్నింగ్టన్ ప్రభువు గవర్నరు జనరలుగా కలకత్తాలో దిగెను. తరువాత వెల్లెస్లీ యని ప్రసిద్ధుడైనవాడు ఇతడే. దిగిన మూడు వారములకు కలకత్తా పత్రికలో ఒక ప్రకటన అచ్చయ్యెను. ఫ్రెంచివారి మారిషసు దీవికి గవర్నరుగా నున్న మలార్తిక్ ఆ సంవత్సరము జనవరి చివర వెలువరించిన ప్రకటన అది. టిప్పు సుల్తాను రాయబారులు వచ్చి ఫ్రెంచివారి మైత్రిని కోరిరనియు, ఆంగ్లేయులను హిందూదేశమునుండి వెడలగొట్టుటకు ఆయన ఎదురుచూచుచున్నాడనియు, ఆయన కొలువున చేరగోరువారు పేళ్ళు వ్రాయించుకొనవలయుననియు దాని సారాంశము. టిప్పు కోరినది రహస్యముగా జరుగవలసిన సంధి. మలార్తిక్ యొద్ద పంపుటకు సైన్యమే లేదు. అందుచేత అతడు రహస్యమును వీధిన పెట్టి ఇష్టమున్నవారిని రమ్మని పిలిచెను. ఏప్రిలు నెలలో మంగళూరున దిగినవారు, అధికారులను కలుపుకొని, ఇంచుమించు నూరుమంది. ఒక సామ్రాజ్యమును వెడలగొట్టుటకు నూరుమంది!

ఇచ్చట ఒక చట్టమును గూర్చి చెప్పనిదే 'కారణము' ఎందుకంత ముఖ్యమాయెనో బోధపడదు. 1784లో బ్రిటిషు పార్లమెంటు చేసిన పిట్ చట్టమున, భారతదేశమందు రాజ్యములను జయించి విస్తరించుట తమ జాతి కోరికకు, గౌరవమునకు విరుద్ధమని స్పష్టముగా వ్రాయబడియుండెను. లండను అనుమతి లేనిదే గవర్నరు జనరలు యుద్ధము ప్రకటింపరాదు. ఎదుటివాడు యుద్ధము మొదలుపెట్టినను, యుద్ధసన్నాహము చేసినను మాత్రము అనుమతి అక్కరలేదు. లండనుకు ఉత్తరము పోయి జవాబు వచ్చుటకు నెలలు పట్టు కాలమది. కావున టిప్పుపైకి పోదలచినవానికి కావలసినది 'టిప్పు సన్నాహము చేయుచున్నాడు' అను ఒక్క మాట. అది అచ్చులో చేతికందినది. కావలసిన వస్తువు కావలసిన వేళకు దొరికినపుడు దానిని త్రిప్పి చూచు ఓపిక మానవులకు తక్కువగా నుండును.

మార్నింగ్టన్ మొదటినుండియు అబద్ధమాడెనని నేననను. ప్రకటన దొంగకాగితము కాదు. రాయబారులు పోయినది నిజము, భటులు దిగినది నిజము. చూచినవాడు భయపడుటకు తగిన కారణమే అది. జూను నెలలోనే మద్రాసు సైన్యమును సమకూర్చుడని ఆయన ఆజ్ఞ పంపెను. మద్రాసు ప్రభుత్వమున కార్యదర్శిగా నున్న జొసయా వెబ్ దానికి అడ్డు చెప్పెను. సైన్యము సిద్ధముగా లేదనియు, ఫ్రెంచి సహాయము ఇప్పటికిప్పుడు రాగల స్థితి కానరాదనియు, తొందరపడి దిగిన యెడల కీడు మూడుననియు అతని వాదము. పై అధికారి కోరని మాటను చెప్పిన గుమాస్తాలు చరిత్రలో ఎక్కువమంది లేరు గనుక ఈ వెబ్ అనువానిని గుర్తుంచుకొనుడు.

ఆగస్టు 12వ తేదీన గవర్నరు జనరలు తన నిర్ణయపత్రమున, టిప్పు చేసినది యుద్ధము ప్రకటించుటతో సమానమని వ్రాసెను. వింత యేమనగా, అదే ఆగస్టు మాసమున వయనాడు సీమ న్యాయముగా టిప్పుదేయని ఒప్పుకొని, ఆయనకు స్నేహపూర్వకముగా ఉత్తరము వ్రాసెను. ఒక చేతితో స్నేహలేఖ, ఒక చేతితో దండయాత్రకు ఆజ్ఞ. దీనిని రాజనీతి యందురు. మన శరణుల కొలతలో నుడికిని నడకకును నడుమ ఇంత ఎడముండుటకు వేరొక పేరు కలదు. అయినను నేటి ప్రశ్న అది కాదు గనుక విడిచెదను.

నేటి ప్రశ్నకు ముఖ్యమైనవి ఆ సంవత్సరపు అక్టోబరు, నవంబరు మాసములు. మార్నింగ్టన్ భయమునకు రెండు స్తంభములుండెను. ఒకటి హైదరాబాదున నైజాము కొలువులో నున్న ఫ్రెంచి అధికారుల పటాలములు. రేమాండ్ అను ఫ్రెంచివాడు పెంచినవి అవి. 'మూసారాంబాగు' అను పేట పేరున ఆయన పేరును హైదరాబాదువారు నేటికిని పలుకుచున్నారు. వానిలో ఇంచుమించు 14,000 మంది భటులుండిరి. టిప్పుతో యుద్ధము వచ్చిన వీరు ఎటు త్రిరుగుదురో యని కుంఫిణీవారి దిగులు. అక్టోబరు 22వ తేదీన ఆ పటాలములను నెత్తురు చిందకుండ ఆయుధములు విడిపించి చెదరగొట్టిరి. ఒక స్తంభము కూలెను. రెండవది నెపోలియను బోనపార్టి. అతడు జూలైలో ఈజిప్టున దిగెను. అచ్చటినుండి హిందూదేశమునకు వచ్చునేమో యని భయము. కాని ఆగస్టు 1వ తేదీననే నెల్సన్ నైలునది ముఖమున ఫ్రెంచి నౌకాబలమును నాశనము చేసియుండెను. ఆ వార్త అక్టోబరు 31వ తేదీన కలకత్తా చేరెను. రెండవ స్తంభమును చాలవరకు ఒరిగెను.

ప్రక్క పొలము బోరు ఎండినదను కబురు వచ్చిన గడియ ఇదియే. ఆధారములు బలముగా నున్న జూనులో యుద్ధమునకు సైన్యము లేకుండెను. సైన్యము సిద్ధమగు వేళకు ఆధారములు బలహీనపడెను. అప్పుడు చేయవలసిన పని యేది? భయము తగ్గినది గనుక మాటను తగ్గించుట. ఆయన సన్నాహమును తగ్గింపలేదు, మాటను హెచ్చించెను. నవంబరు 4న నైలు విజయమును సంతోషవార్తగా టిప్పునకు వ్రాసి, నవంబరు 8న ఫ్రెంచివారి పొత్తును గూర్చి ఆక్షేపించుచు, మేజరు డవ్టన్ అను రాయబారిని పంపెదనని వ్రాసెను. 1799 జనవరి 9వ తేదీ ఉత్తరమున, ఇది అందిన ఒక్క దినములోపల జవాబీయవలెనని గడువు పెట్టెను. ఫిబ్రవరి 11న జనరల్ హారిస్ సైన్యము వేలూరునుండి కదలెను. డవ్టన్‌ను కొద్ది పరివారముతో పంపుడని టిప్పు వ్రాసిన జవాబు 13న చేరెను, మించిపోయినదనిరి. యుద్ధకారణములను లోకమునకు తెలుపు ప్రకటనపై తేదీ ఫిబ్రవరి 22. సైన్యము ముందు నడచినది, కారణము దాని వెనుక నడచినది.

తొందరకు ఒక నిజమైన హేతువు కలదు. దానిని చెప్పకపోవుట న్యాయము కాదు. శ్రీరంగపట్టణము కావేరి నడుమ నున్న ద్వీపము. వానకాలము వచ్చి నది పొంగిన పిమ్మట ముట్టడి సాగదు. మే నెల దాటిన ఒక సంవత్సరము పోయినట్లే. కోట మే 4వ తేదీన పడెను. టిప్పు పోరాడుచు మరణించెను. గడువు ఒక్క దినమే యగుటకు నది పొంగునను లెక్క కారణముగాని, అపాయము గుమ్మము వరకు వచ్చినదనుట కాదు. కాని లోకమునకు చెప్పినది అపాయమును గూర్చి. నదిని గూర్చి కాదు.

ఇందుకు రెండు ఆక్షేపణలు వచ్చును. మొదటిది: కోట పడిన పిదప టిప్పు అంతఃపురమున దొరికిన కాగితములు ఆయన ఫ్రెంచివారితో నడపిన ఉత్తరప్రత్యుత్తరములను బయటపెట్టెను గదా. నెపోలియను కైరోనుండి 1799 జనవరిలో టిప్పునకు వ్రాసిన ఉత్తరము సైతము నడుమ దొరికెను. టిప్పు చేతికది అందనేలేదు. మార్నింగ్టన్ చెప్పినది నిజమే యైనపుడు అసత్యమెట్లగును? దీనికి రెండు జవాబులు. ఆ కాగితములు రుజువు చేసినది టిప్పు కోరికను; బలమును కాదు. 'అపాయము' అను మాటలో ఈ రెండును కలిసియుండును. కోరికకు రుజువు చూపి, బలమునకు కూడ రుజువు చూపినట్లు వినువానిని నమ్మించుట యుద్ధకారణములలో మిక్కిలి పాతదైన ఎత్తు. రెండవ జవాబు నీళ్ళు చూచువానిదే. తెలియక తెలిసినట్లు పలికినవాని బోరున దైవికముగా నీరు పడిన మాత్రమున, పలికిన నాటి మాట సత్యము కాజాలదు. ఆంగ్లేయులలోనే జేమ్స్ మిల్ అను చరిత్రకారుడు 1817లో వెలువడిన తన భారతదేశ చరిత్రయందు ఈ యుద్ధకారణములను ఒకటొకటిగా విప్పి తీవ్రముగా విమర్శించెను. అతడు కుంఫిణీకి విరోధి కాడు. తరువాత ఆ కుంఫిణీ కొలువుననే చేరెను.

రెండవ ఆక్షేపణ బరువైనది. ఏలికకు పూర్తి నిశ్చయము కలుగువరకు ఆగిన యెడల శత్రువు ఇంటిలోనికి వచ్చును. అనుమానములన్నియు బయట చెప్పిన యెడల సైనికుని గుండె జారును. ఇది నిజమే. అందుచేత మౌనమునకును పలుకుటకును గల భేదమును తెలిసికొనవలయును. ఏలిక రహస్యములను దాచవచ్చును. 'మాకు తెలిసినదంతయు చెప్పజాలము, అపాయము కలదని తోచుచున్నది, ఆ తోచిన దానిమీదనే పోవుచున్నాము' అనవచ్చును. అట్లనినవాడు పొరపడినను అసత్యవాది కాడు. వినువాడు తన ప్రాణమును ఎంత నమ్మకముమీద పెట్టుచున్నాడో అతనికి తెలియును. 'తోచుచున్నది' అను చోట 'నిస్సందేహముగా కలదు' అనుటతో అసత్యము ప్రవేశించును. పైగా 1784 చట్టము కోరినది వీధిలో దండోరా కాదు, లండనులోని పై అధికారులకు నిజమును తెలుపుట. అచ్చట సైనికుని గుండె జారునను సాకు చెల్లదు.

ఇప్పుడు ఇరాకు సంగతి చూచిన యెడల, రెండు వందల యేండ్ల తరువాతను అవే రెండు తావులు కనబడును. 2002 సెప్టెంబరు 24న బ్రిటిషు ప్రధాని టోనీ బ్లేర్ ప్రభుత్వము ఒక పత్రమును వెలువరించెను. సద్దాం హుస్సేను రసాయనిక, జీవాయుధములను తయారుచేయుచునే యున్నాడని నిస్సందేహముగా తేలినదని దాని ముందుమాటలో బ్లేర్ వ్రాసెను. ఆయన గూఢచారులు ఆయనకిచ్చిన సమాచారము మాత్రము అచ్చటచ్చట అతుకులుగా నుండెను. ఆ సంగతి వారే చెప్పియుండిరి. 2004లో బట్లరు సంఘము, ఆ సమాచారము మోయగల బరువునకు మించిన బరువు దానిపై వేయబడినదని తేల్చెను. బుద్ధిపూర్వకముగా వక్రించినట్లు ఆధారము లేదనియు చెప్పెను. 2016 జూలై 6న వెలువడిన చిల్‌కాట్ నివేదిక, ఆ అపాయమును గూర్చిన అంచనాలు తగని నిశ్చయముతో ప్రజల ఎదుట పెట్టబడినవనెను. ఆ నివేదికలో 'అబద్ధము' అను మాటకై వెదకినవారు నిరాశ పడిరి. నేననునది, తగని నిశ్చయమనగా నేమి? లేని నిశ్చయమును ఉన్నట్లు చూపుటయే గదా. సంఘములు మర్యాదకై వాడు మాటను మనము మన భాషలోనికి మార్చుకొనవలయును.

రెండవ తావు అమెరికాలో కనబడును. 2003 జనవరి 28న అధ్యక్షుడు బుష్ తన వార్షికోపన్యాసమున, ఇరాకు ఆఫ్రికానుండి యురేనియము కొనుటకు యత్నించినదని బ్రిటిషువారు కనుగొనిరనెను. మార్చి 7న అంతర్జాతీయ అణుశక్తి సంస్థ అధిపతి ఎల్ బరాదీ, ఆ వాదమునకు మూలమైన నైజర్ దేశపు కాగితములు అసలైనవి కావని భద్రతామండలిలో చెప్పెను. మార్చి 20న యుద్ధము ఆరంభమయ్యెను. ఆ వాక్యము ఉపన్యాసమున చేరియుండకూడదని శ్వేతసౌధము ఒప్పుకొనినది జూలైలో. ఈ నడుమ హాన్స్ బ్లిక్స్ నాయకత్వమున ఐక్యరాజ్యసమితి తనిఖీదారులు నవంబరు చివరనుండి ఇరాకులోనే తిరుగుచుండిరి. ఇంకను కొన్ని మాసముల గడువు కావలెననిరి. త్రవ్వి చూచువారు పొలములోనే యుండగా, 'చూడనక్కరలేదు, మాకు తెలియును' అని వారిని బయటికి పంపినట్లాయెను. పిదప అమెరికావారే 1,000 మందికి పైగా గల బృందముతో దేశమంతయు వెదకించి, ఆయుధపు నిలువలు లేవనియు, సద్దామునకు కోరిక మాత్రము మిగిలియుండెననియు 2004 అక్టోబరులో తేల్చిరి. మరల అదే: కోరిక కలదు, బలము లేదు.

'నేను నిజముగా నమ్మితిని' అని ఇట్టి ఏలికలు చెప్పుదురు. బ్లేర్ అట్లే చెప్పెను. ఆ మాటను నేను కాదనను. కాని నమ్మకమునకు గూడ లెక్క కలదు. బసవేశ్వరుడు స్వయముగా బిజ్జలుని కొలువున భాండారమును చూచిన మంత్రి. ఆయన రాజు సొమ్మును జంగములకు ధారపోయుచున్నాడని కొందరు కొండెములు చెప్పగా, బిజ్జలుని ఎదుటనే భాండారమును తెరచి లెక్క చూపిన ఘట్టము పాల్కురికి సోమనాథుని బసవపురాణమున కలదు. అందలి మహిమను గూర్చి మన పురాణశ్రవణములలో విస్తారముగా చెప్పుకొందుము; మహిమను మించి నన్ను ఆకర్షించునది ఆయన తాళపుచెవులు దాచకపోవుట. 'నేను భక్తుడను, నా మాటను నమ్ముడు' అని ఆయన అనలేదు. పెట్టె తెరచెను. ఏలిక 'నాకు తెలియును' అనునపుడు ప్రజల నమ్మకపు భాండారమునుండి సొమ్ము తీయుచున్నాడు. ఎంత తెలియునో అంతే తీసెనా అని లెక్క అడుగుటకు ప్రజలకు అధికారము కలదు. 'నమ్మితివా' అని అడిగిన 'నమ్మితిని' అనును. వాదము అచ్చటనే ఆగును. 'ఎంత నమ్మితివి? ఎంత చెప్పితివి?' అని అడిగినపుడే లెక్క బయటపడును. తెలిసికొనుటకు త్రోవ యుండి తెలిసికొనకపోయినచో, దానిని ఆ లెక్కలో అప్పుగా వ్రాయవలయును.

టిప్పు సుల్తానును గూర్చియు ఒక మాట చెప్పనిదే ఈ విచారణ ఒకవైపు ఒరగును. మారిషసు విషయమడిగినపుడు 1798 డిసెంబరులో ఆయన వ్రాసిన జవాబు, వర్తకుల ఓడ యొకటి బియ్యముతో అచ్చటికి పోయెననియు, తిరిగి వచ్చునపుడు పని వెదకుకొనుచు నలుబదిమంది వచ్చిరనియు, వారిలో పది పన్నెండుగురు పనివారు, తక్కినవారు సేవకులనియు. రాయబారులను పంపినది ఆయనే. ఇందులో పొరపాటునకు చోటే లేదు. ఇది నేరైన అసత్యము. దుర్బలుడు ఆత్మరక్షణకై ఆడినదని కొందరు మన్నింతురు. నాకు మన్నింప బుద్ధి పుట్టుచున్నను ఒక సంగతి అడ్డు వచ్చుచున్నది. ఆ అసత్యము ఆయనను కాపాడలేదు; ఎదుటివాని అతిశయోక్తికి బలమునిచ్చెను. ఇద్దరు ఏలికల నడుమ సత్యము చెప్పినవాడు ఒక్కడును లేకపోగా, గుత్తి సీమ రైతు ఎవరి మాట విని ఏమి చేయగలడు?

ఆ రైతునకు జరిగినదేమన: 1799లో మైసూరు రాజ్యమును పంచునపుడు గుత్తి, గుర్రంకొండలు నైజాము వంతునకు వచ్చెను. 1800 అక్టోబరు 12న నైజాము, తన రక్షణకై కుంఫిణీ ఉంచిన పటాలముల ఖర్చు క్రింద, 1792లోను 1799లోను తనకు వచ్చిన సీమలన్నిటిని కుంఫిణీకి ఇచ్చివేసెను. 'దత్తమండలములు' అను పేరు అందుచేత వచ్చెను. ఎవరు ఎవరికి దత్తము చేసిరో, చేయబడిన వారిని ఎవరు అడిగిరో ఆ పేరులో కానరాదు; 1928లో నంద్యాల సభలో ఆ పేరును త్రోసి 'రాయలసీమ' యనువరకు మనము దానిని మోసితిమి. మైసూరు పంపకపు సంఘమునకు కార్యదర్శులుగా పనిచేసిన ఇద్దరిలో ఒకడగు థామస్ మన్రో 1800లో ప్రధాన కలెక్టరుగా వచ్చి, అనంతపురమును ముఖ్యస్థానముగా చేసికొని, ఎనుబదిమంది పాలెగాండ్రను అణచి, 1807 వరకు శిస్తు కట్టుబాటు చేసెను. మారిషసు దీవి ఎచ్చట నున్నదో, మలార్తిక్ ఎవడో వినని పల్లెలు ఆ ప్రకటన ఫలమును అనుభవించెను.

వద్దని చెప్పిన జొసయా వెబ్ తరువాత మైసూరున రెసిడెంటుగా పనిచేసి 1804లో మరణించెను. శ్రీరంగపట్టణమునకు సమీపమున అతని పేర ఒక రాతిస్తంభము కలదు. దానిని నిలిపినవారు కుంఫిణీవారు కాదు. ఒకప్పుడు టిప్పు సుల్తానునకు మంత్రిగా నుండిన పూర్ణయ్య.